ఈరవ్వ పేలిక

అనగనగా ఒక గుట్ట. గుట్ట కింద ఒక ఊరు. ఊరి కొసన ఒక ముళ్లకంచె. కంచె వెనక ఒక గుడిసె, గుడిసె ముందు ఒక కుక్క, కుక్క పక్కన ఒక అవ్వ. గుట్ట ఇప్పటికీ ఉంది. ఊరి పేరు ఎవరికీ గుర్తు లేదు. అవ్వ పేరు మాత్రం అందరికీ గుర్తుంది. ఊరి పేరు మరిచిపోయి మనిషి పేరు గుర్తుపెట్టుకున్నారంటే ఆ మనిషి ఏ రాణో ఏ దొరసానో అయి ఉంటుందని మీరు అనుకుంటారు. కాదు. ఉన్ని వడికి పొట్ట పోసుకునే కురుమ ముసలమ్మ. ఊ కొట్టేవాళ్లు ముందుకు రండి, కునికేవాళ్లు కాస్త వెనక్కి జరగండి. చెబుతాను.

ఆమె పేరు ఈరవ్వ. ఒకప్పుడు ఆమెకూ గొర్రెల మంద ఉండేది, మొగుడు ఉండేవాడు. ఒక ఏడు బొబ్బరోగం వచ్చి మంద పోయింది. ఇంకో ఏడు చలిజ్వరం వచ్చి మొగుడు పోయాడు. పిల్లలా, పుట్టనే లేదు. మిగిలింది ఒక కదురు, ఒక గొంగడి, ఒక ఆడకుక్క. నుదుటి మీద తెల్ల చుక్క ఉండేది కాబట్టి దాన్ని సుక్కి అని పిలిచేది.

పొద్దున లేవగానే ఈరవ్వ కదురు ముట్టేది కాదు. సుక్కిని దగ్గరికి పిలిచేది. చెవులు చూసేది, కాళ్లు చూసేది, కడుపు చూసేది. చెవుల్లో గోమార్లు పట్టి ఉంటే తీసేసి కానుగ నూనె రాసేది. కాళ్లలో పల్లేరు ముళ్లు దిగి ఉంటే ఏరేసేది. కడుపు లోపలికి పోయి ఉంటే ఆ పూట జొన్నగట్కలో ఇంకో గరిటె మజ్జిగ పోసేది. అదయ్యాకే తన మొహం కడుక్కునేది. "ఈరవ్వ తన మొగుడికి కూడా ఇంత చాకిరీ చెయ్యలే" అని ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవారు. "వాడు తన ముండ్లు తనే తీసుకునేటోడు తల్లీ" అనేది ఈరవ్వ.

ఆ గుట్ట మీద తోడేళ్లు ఉండేవి. మందకు మంచి కుక్క లేకపోతే కాపరికి కంటి మీద కునుకు ఉండదు. సుక్కి పిల్లలు మందలో పెరిగితే గొర్రెపిల్ల చెవి కొరికినా ఊరుకుంటాయనీ, తోడేలు వాసన తగిలితే మాత్రం ఊరుకోవనీ పేరు పడింది. పేరు పడ్డాక అడిగేవాళ్లకు కొదవేముంది? ఏటా రెండు ఈతలు ఈనించు, మూడు ఈతలు ఈనించు అని వెంటపడేవారు.

"ఇది కుక్క బిడ్డా, ఇత్తనాల గంప కాదు" అనేది ఈరవ్వ. "ఒక ఈత ఈనినంక ఒక ఏడు ఊకె ఉండాలె. ఒంట్లకు రక్తం రావాలె."

సుక్కి ఎదకు వచ్చిందంటే చాలు, ఊళ్లో మగకుక్కలన్నీ కంచె చుట్టూ చేరి కచేరీ పెట్టేవి. ఈరవ్వ గుమ్మంలో కట్టె పట్టుకుని కూర్చునేది. తిండి అక్కడే, వడకడం అక్కడే. "పెండ్లిపిల్లను కావలి కాస్తున్నవా అవ్వా?" అని పోయేవాళ్లు నవ్వేవారు. ఆమె లేచేది కాదు. ఈనించే ఏడు వచ్చినప్పుడు మాత్రం సుక్కిని వెంటబెట్టుకుని గుట్ట దాటి, వాగు దాటి, వేరే ఊరి మందల దగ్గరికి పోయేది. తన ఊరి కుక్కలన్నీ సుక్కికి అన్నలో, కొడుకులో అవుతాయి కదా. అక్కడి కాపరిని మూడు మాటలు అడిగేది. "పసిపిల్లను సూస్తే తోక ఊపుతదా? గొర్రెను సూస్తే కూసుంటదా? తోడేలును సూస్తే లేస్తదా?" మూడింటికీ అవును అంటే సరే. లేకపోతే వచ్చిన తోవనే తిరిగి వచ్చేది.

ఇక పిల్ల కావాలని వచ్చేవాళ్లకూ మూడు మాటలు ఉండేవి.

"పగటి పూట దాని కాడ ఎవలుంటరు? వాన పడితే ఎక్కడ పండుకుంటది? నీకే తక్కువైన నాడు దానికి ఏం వెడ్తవు?"

ఈ మూడింటికీ సరిగ్గా చెప్పినవాడిని నాలుగో మాట అడిగేది. "పేలిక తెచ్చినవా?"

పేలిక అంటే ఏమీ లేదు. వాళ్ల ఇంట్లో అందరూ కప్పుకుని, పరుచుకుని, చిరిగిపోయిన పాత గొంగడి ముక్క. ఉతకకూడదు. దులపకూడదు. దాన్ని తెచ్చి ఇస్తే ఈరవ్వ సుక్కి పడుకునే చోట పరిచేది. పిల్లలు దాని మీదే పాలు తాగేవి, దాని మీదే పొర్లేవి, దాని మీదే నిద్రపోయేవి. కొత్త ఇంటి వాసన తల్లి ఒడిలోనే వాటికి అలవాటైపోయేది. పిల్ల అన్నం ముట్టి, తోడబుట్టినవాటితో కొట్లాడి, ఓడి, గెలిచి, తల్లి దగ్గర మొట్టికాయలు తిని, తనంతట తాను తల్లిని విడిచి ఆడుకోవడం మొదలుపెట్టాక, అదే పేలికలో చుట్టి ఇచ్చేది. ఇప్పుడు పేలికకు తల్లి వాసన కూడా పట్టి ఉంటుంది. కొత్త ఇంట్లో మొదటి రోజు పిల్ల దాని మీద పడుకుంటుంది. ఏడవదు.

ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేది. "మంచిగ సాదుకో. వద్దనిపిస్తే తొవ్వల ఇడువకు, నా కాడికి తే."

ఆ ఊళ్లోనే కొమరెల్లి అని ఒక కాపరి ఉండేవాడు. పెద్ద మంద. పెద్ద గొంతు. మనిషి చెడ్డవాడు కాడు కానీ, తొందర ఎక్కువ. అన్నం ఉడికిందో లేదో చూడకుండా గంజి వంచే రకం. ఆ ఏడు తోడేళ్లు అతని మందలోనే రెండుసార్లు పడ్డాయి. చూడిగొర్రెలను ఎత్తుకుపోయాయి. అతని భార్య నర్సవ్వ ఆ చూడిగొర్రెల ఖాళీ దొడ్డి చూసి అన్నం మానేసింది. పాపం, అతనికి నిజంగానే కష్టం వచ్చింది.

ఆ ఏడే సుక్కి ఈనింది, మూడే పిల్లలు. కొమరెల్లి వచ్చాడు.

"అవ్వా, నాకు మూడు పిల్లలు గావాలె" అన్నాడు.

"పేలిక తెచ్చినవా?"

"కుక్కపిల్లకు పేలికేందవ్వా? సారె పెట్టి తోలుకపోవుడా?" అని నవ్వి వెళ్లిపోయాడు.

రెండోసారి వచ్చేసరికి పిల్లలకు అప్పుడప్పుడే కళ్లు తెరుచుకున్నాయి. "ఇప్పుడే ఇయ్యి" అన్నాడు.

"ఇంకా అన్నం ముట్టలే కొడుకా. కొరుకుడెట్లనో తెల్వదు, ఊకుండుడెట్లనో తెల్వదు. తల్లి నేర్పాలె."

ఆ రోజుల్లో కొందరు కాపరులకు ఒక నమ్మకం ఉండేది. తల్లిపాలు ఎక్కువ రోజులు తాగిన కుక్క మెత్తబడిపోతుందట. కళ్లు తెరిచీ తెరవగానే తెచ్చి, చీకటి కొట్టంలో కట్టి, గట్కలో మిరపకారం కలిపి పెడితే పులి అవుతుందట. ఎవరు చెప్పారో, ఎవరు చూశారో తెలియదు. తాత చెప్పాడని తండ్రి, తండ్రి చెప్పాడని కొడుకు. కొమరెల్లి ఆ మాటే అన్నాడు. "పాలు తాగి తాగి మెత్తగైతే తోడేలు ముంగట తోక ఊపుతయి అవ్వా."

"సుక్కి కడుపునిండ తాగి పెరిగింది. సుక్కి మెత్తగున్నదా?" అంది ఈరవ్వ.

కొమరెల్లి వెళ్లిపోయాడు. మూడోసారి ఆమె వడికిన ఉన్ని పట్టుకుని అంగడికి పోయిన రోజు చూసి వచ్చాడు. సుక్కికి మాంసం ముక్క విసిరాడు. అది అటు తిరిగేలోగా మూడు పిల్లలను గంపలో వేసుకుని వెళ్లిపోయాడు.

సుక్కి గంప వెంట పరుగెత్తింది. కొమరెల్లి దొడ్డి ముందు నిలబడి అరిచింది. రాళ్లు విసిరితే వెనక్కి పోయేది, మళ్లీ వచ్చేది. చన్నులు పాలతో గట్టిపడి నడవలేక నడిచేది. ఈరవ్వ వచ్చి చూసింది. దాని మెడ పట్టుకుని ఏడ్చింది. మందంతా చచ్చిపోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదని చూసినవాళ్లు చెప్పుకునేవారు.

తర్వాత కళ్లు తుడుచుకుని కొమరెల్లి ఇంటికి పోయింది. మీరైతే కొంగు బిగించి తిట్టి పోసేవాళ్లు. నేనైతే పంచాయతీ పెట్టించేదాన్ని. ఆమె పిల్లలను తిరిగి ఇమ్మని అడగడమైతే అడిగింది. అతను ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. నర్సవ్వ గడపలో తల వంచుకుని నిలబడింది.

"సరే, తీస్కపోతివి" అంది ఈరవ్వ. "మంచిగ సాదుకో. వద్దనిపిస్తే తొవ్వల ఇడువకు, నా కాడికి తే."

కొమరెల్లి పిల్లలను చీకటి కొట్టంలో కట్టాడు. మిరపకారం పెట్టాడు. అవి పెరిగాయి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. మూడోదానికి చిత్రమైన గుణం ఉండేది. అది మొరిగేది కాదు. మూలిగేది కూడా కాదు. నల్లోడు, ఎర్రోడు, మూగోడు అని పిలిచారు. మొరిగే కుక్క కరవదంటారు కదా. కరిచే కుక్క మొరగదని కూడా అంటారు. మూగోడు చెప్పకుండా కరిచేవాడు.

పులులైతే అయ్యాయి. నిజమే. కానీ ఆ పులులకు తోడేలేదో గొర్రెపిల్లేదో తెలియలేదు. మందలోకి వదిలిన రోజే గొర్రెపిల్లల మీద పడ్డాయి. ఆటకే పడ్డాయేమో, వాటికి ఆటకూ వేటకూ తేడా చెప్పినవాళ్లు ఎవరు? ఒక పిల్లకు కాలు విరిగింది. ఒక పిల్లకు గొంతు తెగింది. తల్లిగొర్రె నెత్తుటి మడుగు చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే నర్సవ్వ చెవులు మూసుకుంది.

కురుమల్లో ఒక కట్టు ఉంది. మంద నెత్తురు చూసిన కుక్కను ఉంచరు. కులపెద్ద వచ్చాడు. పదిమందీ కూడారు. మూడింటినీ గుట్ట వెనక లోయలోకి తీసుకుపోయి చంపెయ్యమని తీర్పు చెప్పారు. కొమరెల్లి తల దించుకుని తాడు అందుకున్నాడు.

అప్పుడు ఈరవ్వ జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. భుజం మీద మూడు తాళ్లు.

"నాకియ్యుండ్రి పెద్దయ్యా" అంది.

"నీ కాడ పుట్టినయే గద ఈరవ్వా ఇవి. తెగనే పాడైంది" అన్నాడు కులపెద్ద.

"తెగ పాడైతే తల్లి గూడ కరవాలె. సుక్కి మీ ఇండ్ల ముంగట తిరుగుతది. ఎవరినన్న కరిసిందా? నేర్పేటోళ్లు లేక చెడిపోయినయి. నేర్పి సూస్త."

"నేర్పినంక గూడ కరిస్తే?"

జవాబు కూడా కులపెద్దే చెప్పాడు. "వలస పోయే దాకా గడువు. ఈ లోపల ఇంకొక్క గొర్రె మీద పన్ను పడితే కుక్కలుండవు, నువ్వు ఊళ్లె ఉండవు. ఒప్పుకుంటవా?"

పంటలు కోశాక కాపరులు మందలను తోలుకుని దూరపు బీళ్లకు వలస పోతారు. గడువంటే అదీ. పెద్ద గడువేమీ కాదు. ఆ వయసులో ఊరు విడిచి ఎక్కడికి పోతుంది? గుడిసె, కంచె, మొగుడిని పాతిన చోటు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆమెకు భయం వేసింది.  అయినా మూడు కుక్కల మెడలకూ తాళ్లు కట్టి ఇంటికి తెచ్చుకుంది.

కొమరెల్లి వెనకనుంచి అన్నాడు, "అవ్వా, ఎందుకు నెత్తికెత్తుకున్నవు?"

"నేను చెప్పలేదా కొడుకా? వద్దనిపిస్తే నా కాడికి తెమ్మన్న" అంది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మొదటి రోజు కుక్కలు ఆమె చెయ్యి కరిచాయి. కొట్టలేదు. తిట్టలేదు. లేచి మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. మెల్లగా తింటే గిన్నె దగ్గరే కూర్చుంది. కరిస్తే మళ్లీ లేచి వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ఆమె మొహం చూడాలంటే పళ్లు దాచుకోవాలని వాటికి తెలిసొచ్చింది.

మిగతాది సుక్కి చూసుకుంది. ఎంత పెరిగితే మాత్రం, బిడ్డలు బిడ్డలే కదా. ఆటలో గట్టిగా కొరికితే మెడ మీద కాలు వేసి తొక్కిపట్టేది. ఊరుకుంటే నాకేది. కళ్లు తెరిచిన రోజుల్లో నేర్పవలసినదంతా మీసాలొచ్చాక నేర్పింది.

ఈరవ్వ రోజూ వాటి చెవులు చూసేది, కాళ్లు చూసేది, కడుపు చూసేది. కారం తిని పుండ్లు పడిన నోళ్లకు మజ్జిగ కలిపిన చల్లని గట్క పెట్టేది. కులపెద్దను అడిగి పళ్లూడిన ముసలి గొర్రెను ఒకదాన్ని తెచ్చి కంచెలో ఉంచింది. ఆ గొర్రె ఈరవ్వకంటే మొండిది. కుక్క దగ్గరికి వస్తే తలతో ఒక్కటి ఇచ్చేది. నల్లోడు మొదట గుర్రుమన్నాడు. తర్వాత పక్కకు జరిగాడు. ఆ తర్వాత ఆ గొర్రె నీడలోనే పడుకోవడం మొదలుపెట్టాడు.

ఈ మధ్యలో ఊరివాళ్లు ఊరుకున్నారా? సుక్కిని మళ్లీ కట్టించు, ఈ పాడైనవాటితో ఏం పని, కొత్తవి పుడతాయి కదా అన్నారు. "కొత్తయి పుడితే పాతయి అబద్ధమైతయా?" అని ఈరవ్వ కంచె తలుపు వేసుకుంది.

వలస రోజు వచ్చింది. మందలన్నీ ఊరి బయట బీట్లో చేరాయి. గొంగళ్లు, కట్టెలు, కుండలు గాడిదల మీదికి ఎక్కాయి. ఈరవ్వ నల్లోడిని తాడు లేకుండా తెచ్చి కులపెద్ద మందలోకి వదిలింది.  కొమరెల్లి కట్టె పైకెత్తి నిలబడ్డాడు. నల్లోడు గొర్రెల మధ్యకు నడిచాడు. ఒక గొర్రెపిల్ల వచ్చి అతని చెవి నోట్లో పెట్టుకుని చప్పరించింది. నల్లోడు ఈరవ్వ వైపు చూశాడు. తర్వాత నేల మీద పడుకుని ఆ చెవిని గొర్రెపిల్లకే వదిలేశాడు.

కులపెద్ద చాలాసేపు చూశాడు. "పేలిక తెప్పియ్యాల్నా ఈరవ్వా?" అని అడిగాడు.

"తెప్పియ్యాలె పెద్దయ్యా. నీకైనా అంతే" అంది. కులపెద్ద మనవరాలు పరుగెత్తుకుపోయి ముక్క తెచ్చింది. ఆ వలసలో తోడేళ్లు వచ్చాయట. నల్లోడు మందకూ వాటికీ నడుమ నిలబడి గొంతు చినిగేలా మొరిగితే కాపరులంతా లేచి కొరివికట్టెలు పట్టుకున్నారట. ఒక్క జీవం పోలేదు.

ఎర్రోడు గొర్రెలను ఏమీ అనేవాడు కాదు కానీ వాటి దగ్గర ఉండలేక మనుషుల వెంట తిరిగేవాడు. అతన్ని కుమ్మరి ఇంట్లో కాలు లేని ముసలాయనకు తోడిచ్చింది. కుండల మధ్య ఒక్క కుండ పగలకుండా నడిచేవాడని కుమ్మరులు మురిసిపోయేవారు.

మూగోడు మాత్రం మారలేదు. మారలేదంటే, ఈరవ్వ దగ్గర మారాడు. ఆమె చేతికింద పిల్లి అయిపోయేవాడు. బయటివాళ్లు చెయ్యి చాస్తే చాలు, చప్పుడు లేకుండా పళ్లు దింపేవాడు. పక్క ఊరి కాపరి ఒకడు వచ్చి, ఇలాంటిదే కావాలి తోడేళ్ల మీదికి, ఇవ్వమని బతిమాలాడు.

"ఇయ్య" అంది ఈరవ్వ. "ఇది ఎవలింట్ల ఇమడదు. గుణం దాచి ఆడపిల్లనియ్యద్దు, కుక్కనూ ఇయ్యద్దు. నా కాడనే ఉంటది."

అలా ఏళ్లు గడిచాయి. సుక్కి ముసలిదై, ఒక ఎండపూట ఈరవ్వ ఒళ్లో తల పెట్టి పోయింది. సుక్కి కూతుళ్లు ఈనాయి. పేలికలు వచ్చాయి, పిల్లలు వెళ్లాయి. చివరికి ఈరవ్వ మంచం పట్టింది.

చావంటే ఆమెకు బెంగ లేదు. బెంగంతా మూగోడి గురించే. సుక్కి కూతుళ్లకు అప్పటికే మంచి ఇళ్లు చూసి పెట్టింది. వీడినెవరు చూస్తారు? మంచం కింద పడుకుని ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. గంజి తెచ్చిన ఆడవాళ్లు కంచె దగ్గరే ముంత పెట్టి వెళ్లిపోయేవారు. "అవ్వ పోయిన నాడు దీన్ని గూడ కొట్టి చంపాలె, ఇంకేం జేస్తం" అని వాళ్లు అనుకోవడం ఆమె చెవిన పడింది. ఆ రోజు ఆమె గంజి ముట్టలేదు.

మరునాడు కొమరెల్లి వచ్చాడు. జుట్టు నెరిసింది. పెద్ద గొంతు చిన్నదైంది. లోపలికి రాలేదు. పలకరించలేదు. చేతిలో ఉన్నది కంచె మీదుగా లోపలికి వేసి, బయట నేల మీద కూర్చున్నాడు. అది ఒక పాత గొంగడి పేలిక. మూగోడు పళ్లు బయటపెట్టాడు. కొమరెల్లి అటు చూడలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని పోయాడు.

రెండో రోజూ వచ్చాడు. మూగోడు పేలికను వాసన చూసి దూరంగా జరిగాడు. కొమరెల్లి కూర్చున్నాడు, పోయాడు.

మూడో రోజూ వచ్చాడు. అప్పటికి మూగోడు పేలిక మీద పడుకుని ఉన్నాడు. కొమరెల్లి మెల్లగా కంచె తలుపు తీశాడు. మూగోడు తల ఎత్తాడు. లేవలేదు. కొమరెల్లి వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

ఈరవ్వ కళ్లు తెరిచింది. గొంతు గాలిలా ఉంది. "పగటి పూట దాని కాడ ఎవలుంటరు?" అని అడిగింది.

"నేనే ఉంట అవ్వా. మందను కొడుకులకు ఇచ్చిన."

"వాన పడితే ఎక్కడ పండుకుంటది?"

"నా మంచం కింద."

"నీకే తక్కువైన నాడు దానికి ఏం వెడ్తవు?"

కొమరెల్లి మూగోడి వైపు చూశాడు. "నాకు తక్కువైన నాడు నర్సవ్వ తన దాంట్లకెళ్లి నాకు వెడ్తది. అండ్లకెళ్లి నేను దీనికి వెడ్త. కారం మాత్రం పెట్టనవ్వా."

ఈరవ్వ నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు జారి చెవుల్లోకి పోయాయి. "మంచిగ సాదుకో" అంది. "వద్దనిపిస్తే..." అని ఆగిపోయింది. ఏళ్ల తరబడి అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఎవరి దగ్గరికి తెమ్మంటుంది? "నేను పోయినంక వద్దన్న కుక్కలను ఎవల కాడికి తేవాలె కొడుకా?" అని అడిగింది.

"నా కాడికి తెమ్మను అవ్వా" అన్నాడు కొమరెల్లి.

మర్నాడు పొద్దున ఈరవ్వ పోయింది. ఆమెకు బిడ్డలు లేరు కదా, మట్టి ఎవరు వేస్తారు అనుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి, వలస దారుల్లో ఉన్న మందల దగ్గరనుంచి కూడా జనం వచ్చారు. ఆమె చేతి మీదుగా కుక్కపిల్లను తీసుకున్న ప్రతి ఇంటివాళ్లూ వచ్చి తలా ఒక గుప్పెడు మట్టి వేశారు.

మూగోడు కొమరెల్లి ఇంటికి వెళ్లాడు. మంచం కింద పేలిక మీద పడుకున్నాడు. తినమంటే తినలేదు. నర్సవ్వ గిన్నె పెట్టి మొహం తిప్పుకుని కూర్చునేది, ఈరవ్వ లాగే. కొమరెల్లి రోజూ చెవులు చూశాడు, కాళ్లు చూశాడు, కడుపు చూశాడు. కొన్నిసార్లు కరిపించుకున్నాడు కూడా. కొట్టలేదు. తిట్టలేదు. లేచి వెళ్లిపోయాడు. మూగోడు కొద్దికొద్దిగా గట్క ముట్టాడు.

ఒక మధ్యాహ్నం ఎవరో బాటసారి నీళ్లకోసం కొమరెల్లి వాకిట్లోకి వచ్చాడు. అప్పుడు లోపలినుంచి ఒక గొంతు వినిపించింది. బొంగురు గొంతు, ఎన్నడూ వాడక తుప్పు పట్టినట్టున్న గొంతు. వాడకట్టంతా బయటికి వచ్చింది. ఎవరి కుక్కరా అది అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గడప మీద నిలబడి మూగోడు మొరుగుతున్నాడు. కరవడానికి పోలేదు. ఇది నా ఇల్లు, నువ్వెవరు అని అడుగుతున్నాడు, అంతే. పుట్టాక అదే మొదటిసారి.

కొమరెల్లి వాకిట్లోనే చతికిలబడ్డాడు. "ఇల్లు పట్టిండు నర్సవ్వా" అన్నాడు. ముసలివాడు, అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. బాటసారికి నీళ్లివ్వడం ఎవరికీ గుర్తు రాలేదు, పాపం. చివరికి ఆయనే ముంచుకుని తాగాడు.

ఈరవ్వకు గుడి లేదు, రాయి లేదు, జాతర లేదు. కానీ ఆ మందల దారుల్లో ఇప్పటికీ కుక్కపిల్ల కావాలంటే ముందు పేలిక పంపుతారు. పేలిక లేకుండా వచ్చినవాడికి మజ్జిగ పోసి వెనక్కి పంపుతారు. ఎవరైనా పెళ్లిలోనో, పంటలోనో తొందరపడితే "పేలిక పోకముందే పిల్లను తెచ్చినట్టుంది" అని నవ్వుతారు. ప్రతి ఊళ్లో ఒక పేలికిల్లు ఉంటుంది. కొమరెల్లి ఇల్లే మొదటిది. సాకలేని కుక్కను అక్కడికి తెస్తే, ఎందుకు తెచ్చావని అడగరు, తిట్టరు, తీసుకుంటారు. తోవలో విడిచినవాడికి మాత్రం ఏ గడపలోనూ చల్ల పుట్టదు.

ఇదీ ఈరవ్వ కథ. గుట్ట కింద మొదలైంది, మీ వాకిట్లో ఆగింది. ఇక లేవండి. పడుకునే ముందు మీ గుమ్మం దగ్గర ఉన్నదాని చెవులు చూడండి, కాళ్లు చూడండి, కడుపు చూడండి. గిన్నెలో నీళ్లున్నాయో లేదో కూడా చూడండి.